పెద్దలకో సూది.. వానకు ముందే!

ఏడాదికి ఒక్క డోసుతో ఫ్లూ ముప్పు తగ్గుతుంది
ఉచిత టీకాల జాబితాలో లేదు.. అడిగేవారూ లేరు
ఈశాన్య వానల కంటే ముందే వేయిస్తే మేలు

తళవాయిపురం (రాజపాళయం): ఐప్పసి వానలు పట్టుకున్నాయంటే ఇంటింటా తుమ్ములే. ఒకరికి వచ్చిందంటే వారం తిరిగేలోగా ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. పిల్లలు మూడు రోజులు పడుకుని నాలుగో రోజు బడికి పోతారు. కుట్టు మిషను దగ్గరికో, మిల్లుకో వెళ్లేవాళ్లు ఒక మాత్ర మింగి పనిలో పడిపోతారు. నడవాలో మంచం మీదున్న అవ్వ, తాతల సంగతే వేరు. వాళ్లకు అదే జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. లేదంటే గుండె మీదికి వస్తుంది. పది పదిహేను రోజుల్లో మనిషి పోతే 'వయసైపోయింది, ఏం చేస్తాం' అనుకుని ఊరుకుంటారు.

నిజంగా వయసు ఒక్కటేనా కారణం? చాలాసార్లు కాదు. ఇంటిలో అందరికీ వచ్చి పోయిన ఆ జ్వరమే వారిని తీసుకుపోయి ఉండొచ్చు. దాని పేరు ఇన్‌ఫ్లుయెంజా. వాడుకలో ఫ్లూ. దానికి టీకా ఉంది. ఏడాదికి ఒక్క సూది. అయినా వేయించుకునేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 2017-18లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా చేయించిన వృద్ధాప్య సర్వేలో 45 ఏళ్లు దాటిన వారిని ఈ సంగతి అడిగారు. ఫ్లూ టీకా వేయించుకున్నామని చెప్పినవారు నూటికి ఒకటిన్నర మంది మాత్రమే!

దూదిలో బతుకు.. ఊపిరికి బరువు

దళవాయి అంటే సేనాని. నాయకరాజుల కాలం నాటి ఆ మాట తళవాయిపురం పేరులో ఇప్పటికీ వినిపిస్తుంది. విజయనగర కాలం నుంచి తెలుగు నేల విడిచి వచ్చిన రాజులు, నాయుళ్లు, రెడ్లు, ఇంకా ఎన్నో కులాలవారు పశ్చిమ కనుమల పాదాన ఈ తాలూకాలో స్థిరపడ్డారు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం. తరాలు మారినా చాలా ఇళ్లలో ఇదే తీరు.

ఇక్కడివారి బతుకు నూలుతో ముడిపడింది. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్లును స్థాపించారు. ఆ తరువాత మిల్లులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పక్కనున్న చత్రపట్టి బ్యాండేజీ గుడ్డకు, ఆసుపత్రి దూదికి పేరు. తళవాయిపురం నైటీల కుట్టుపనికి పేరు. దేశంలో ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో గాయాలకు చుట్టే గుడ్డ ఈ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిందే.

ఫ్లూ సంగతి మాట్లాడేటప్పుడు ఈ పనుల సంగతీ మాట్లాడాలి. మిల్లులో దూదిని చిలికే చోట, ఏకే చోట లేచే దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవారికి ఛాతీ పట్టేసే జబ్బు వస్తుంది. డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అంటారు. వారపు సెలవు తరువాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఆయాసం ఎక్కువగా ఉండటం దీని లక్షణం. అందుకే కొన్ని దేశాల్లో దీనికి 'సోమవారం జ్వరం' అని పేరు కూడా పడింది. పని మానేసిన తరువాత కూడా కొందరికి దగ్గు, ఆయాసం పోవు. అలాంటి ఊపిరితిత్తుల మీదికి ఫ్లూ వస్తే? ఎండిన కొట్టానికి నిప్పు అంటుకున్నట్టే.

కుట్టుపనిదీ ఇలాంటి కథే. ఒక్క గదిలో పక్కపక్కనే మిషన్లు. వాన జల్లు పడకుండా కిటికీలు మూస్తారు. ఒకరు దగ్గితే పక్కవారికి అంటుకోవడానికి ఇంకేం కావాలి? సాయంత్రం కోడలు ఇంటికి వస్తుంది. ఆ రాత్రి అత్తకు అన్నం పెట్టేది, మాత్రలు ఇచ్చేది ఆమే. జ్వరం అలా గడప దాటి లోపలికి వస్తుంది.

జలుబు వేరు.. ఫ్లూ వేరు

ముక్కు కారితే చాలు 'ఫ్లూ' అనేయడం మనకు అలవాటు. మామూలు జలుబు మెల్లగా వస్తుంది. గొంతు గరగర, ముక్కు దిబ్బడ, అంతే. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి పడిపోతాడు. ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు, తలనొప్పి, చలి, పొడి దగ్గు. జ్వరం తగ్గినా నీరసం వారాల తరబడి వదలదు.

పెద్దవయసు వారిలో ఇంకో చిక్కుంది. వారికి జ్వరం రాకపోవచ్చు! వయసు పెరిగేకొద్దీ ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి మందగిస్తుంది. ఒళ్లు వేడెక్కడం కూడా ఆ ఎదిరింపులో భాగమే. అందుకే డెబ్భై దాటినవారిలో ఫ్లూ వేరే వేషాల్లో వస్తుంది. అన్నం సహించదు. పొద్దస్తమానం మగతగా ఉంటారు. పేర్లు మరిచిపోతారు, మాట తడబడుతుంది. నడుస్తూ తూలి పడతారు. 'ఒళ్లు కాలడం లేదు కదా, ఏమీ లేదులే' అని ఇంట్లోవాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. ఆలస్యం అక్కడే జరుగుతుంది.

ఫ్లూ తరువాత వచ్చే చేటు కూడా చాలామందికి తెలియదు. వైరసు పాడుచేసిన ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి నిమోనియా తెస్తుంది. షుగరు అదుపు తప్పుతుంది. గుండె మీద భారం పడుతుంది. కెనడాలోని ఒంటారియోలో జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. ఫ్లూ ఉన్నట్టు పరీక్షలో తేలిన మొదటి వారం రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులకంటే ఆరు రెట్లు ఉందని అందులో తేల్చారు. అలా పోయినవారి మరణం గుండెపోటు ఖాతాలోనో, నిమోనియా ఖాతాలోనో పడుతుంది. ఫ్లూ పేరు ఎక్కడా రాదు. ప్రపంచంలో ఏటా 2.90 లక్షల నుంచి 6.50 లక్షల మంది ఫ్లూ తెచ్చే శ్వాసకోశ జబ్బులతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గుండెపోటు మరణాలు ఈ లెక్కలోకి రావు.

మద్రాసు రేవు దాటి వచ్చింది!

ఇది మనకు కొత్త జబ్బేమీ కాదు. ఇప్పుడు డెబ్భై ఐదు, ఎనభై దాటినవారు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు.. 1957 మే నెలలో సింగపూరు నుంచి 'రజులా' ఓడ మద్రాసు రేవుకు వచ్చింది. ప్రయాణికుల్లో పలువురికి జ్వరం. 'ఆసియా ఫ్లూ' దేశంలో అడుగుపెట్టింది ఆ దారినే. 1958 ఫిబ్రవరి మొదటి వారం దాకా దేశంలో 44 లక్షలకు పైగా కేసులు, వెయ్యికి పైగా మరణాలు నమోదయ్యాయి.

తరువాత 2009. స్వైన్ ఫ్లూ అని మనం, 'పన్రి కాయ్చల్' అని తమిళులు పిలుచుకున్న హెచ్1ఎన్1 వచ్చింది. దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే 16న హైదరాబాదులో బయటపడింది. అమెరికా నుంచి విమానంలో వచ్చిన ప్రయాణికుడికి ఉన్నట్టు తేలింది. 2015లో అదే వైరసు మళ్లీ విజృంభించింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు. జనవరిలో ముందుగా అల్లాడిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి.

2023 మార్చిలో హెచ్3ఎన్2 వంతు. కర్ణాటకలోని హసన్ జిల్లాలో ఎనభై దాటిన ఒక వృద్ధుడు, హర్యానాలో ఒకరు దీనితో మరణించినట్టు కేంద్రం ధ్రువీకరించింది. పుదుచ్చేరిలో ఎనిమిదో తరగతి వరకు బడులకు మార్చి 16 నుంచి 26 దాకా సెలవులిచ్చారు. హెచ్3ఎన్2 ఎక్కువగా తిరిగే ఏడాది పెద్దవయసు వారికి గడ్డుకాలమని వైద్యుల అనుభవం. సెలవు ప్రకటించి పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టగలం. పెద్దలు మామూలుగానే ఇంట్లో ఉంటారు. జబ్బే వారిని వెతుక్కుంటూ వస్తుంది.

సూదిలో ఏముంది?

పెద్దలకు వేసే ఫ్లూ టీకాలో ఉండేది చంపిన వైరసు ముక్కలు. బతికిన వైరసు కాదు. కాబట్టి సూది వల్ల ఫ్లూ వచ్చే ప్రశ్నే లేదు. ఆ ముక్కలను చూసి ఒళ్లు ఆయుధాలు తయారుచేసుకుంటుంది. అందుకు దాదాపు రెండు వారాలు పడుతుంది.

పోలియో చుక్కలో, పిల్లల టీకాలో అయితే కొన్ని డోసులతో సరి. ఇది ఏటా ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, టీకా ఇచ్చిన బలం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. రెండు, ఫ్లూ వైరసు బహురూపి. ఏటా కాస్త వేషం మారుస్తుంది. ఏ రూపం తిరుగుతోందో ప్రపంచమంతటా ప్రయోగశాలలు గమనిస్తూనే ఉంటాయి. మన దేశంలో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ పని చేస్తుంది. ఆ సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏమేం ఉండాలో చెబుతుంది. అంటే నిరుటి సూది ఈ ఏటికి పనికిరాదు.

నాలుగు రకాల టీకా, మూడు రకాల టీకా అని మందుల దుకాణంలో చెబితే కంగారు పడనక్కర్లేదు. బి రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తరువాత ఎక్కడా కనబడలేదు. అందుకే దాన్ని తీసేసి మూడింటితోనే చేయమని 2023 సెప్టెంబరు నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడున్నదైనా, నాలుగున్నదైనా ఫరవాలేదు. అది ఏ సంవత్సరానిది అన్నదే ముఖ్యం.

ఇంతకీ పనిచేస్తుందా? నిజమే చెప్పుకోవాలి. ఇది ఇనుప కవచం కాదు. తిరుగుతున్న వైరసుకు టీకా బాగా సరిపోయిన ఏడాది ఫ్లూతో డాక్టరు దగ్గరికి వెళ్లే అవసరం 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుందని అమెరికాలోని సీడీసీ చెబుతోంది. పెద్దవయసులో ఈ బలం ఇంకొంచెం తక్కువ. కొన్ని దేశాల్లో 65 దాటినవారికి మోతాదు పెంచిన టీకాలు వాడటం అందుకే. అయినా వేయించుకున్నవారికి ఫ్లూ వచ్చినా ఆసుపత్రి పాలయ్యే ముప్పు తగ్గుతుంది. పదిమంది వృద్ధుల్లో నలుగురు ఐసీయూ గడప తొక్కకుండా మిగిలినా అది చిన్న లాభమా?

మనుమడికి వేస్తే అవ్వకు రక్ష

పెద్దల ఒంట్లో టీకా బలం తక్కువ కాబట్టి చుట్టూ ఉన్నవారికీ వేస్తే ఇంకా మేలు. జపాన్‌లో 1962 నుంచి 1987 దాకా చాలామంది బడిపిల్లలకు ఫ్లూ టీకా వేశారు. ఆ కాలంలో వృద్ధుల మరణాలు తగ్గాయి. ఆ కార్యక్రమం ఆగాక మళ్లీ పెరిగాయి. సుమారు 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక ప్రాణం నిలబడిందని 2001లో అచ్చయిన పరిశోధనలో లెక్కగట్టారు. అవ్వ ఒడిలో పడుకునే మనుమడికి, అన్నం పెట్టే కోడలికి కూడా వేయించగలిగితే ఇంటికి రెండు తలుపులు వేసినట్టు.

ఎప్పుడు వేయించాలి?

దేశమంతటికీ ఒకటే కాలం కాదు. చాలాచోట్ల జూలై నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి వానల్లో ఫ్లూ ఎక్కువ. కాశ్మీరులో చలికాలంలో ఎక్కువ. చెన్నై, వెల్లూరుల్లో చేసిన పరిశీలనలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువని తేలింది. అంటే ఈశాన్య రుతుపవనాల కాలం. రాజపాళయం ప్రాంతానికీ పెద్ద వానలు అప్పుడే.

సూది పని మొదలుపెట్టడానికి రెండు వారాలు కావాలి. కాబట్టి ఆడి పోయి ఆవణి వచ్చేసరికి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వేయించుకుంటే మనవైపు వానలకు సరిపోతుంది. దీపావళి పండుగకు హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో పిల్లలు వచ్చి ఇల్లు నిండే వేళకు పెద్దలకు రక్ష సిద్ధంగా ఉంటుంది. ఆలస్యమైతే మానేయాలా? వద్దు. వానలు మొదలయ్యాక వేయించినా లాభమే.

'ఆ డబ్బుతో పిల్లలకేమైనా కొనండి'

అడిగితే ప్రతి ఇంటిలో వచ్చే జవాబు ఇంచుమించు ఇదే. 'నాకెందుకురా ఆ సూది? ఇంకెన్నాళ్లు బతకాల నేను? ఆ డబ్బు పెట్టి పిల్లలకు ఏమైనా కొనివ్వు' అంటుంది అవ్వ. కొడుకు మొగమాటానికి ఇంకోమాట అడగడు. అక్కడితో సరి!

డబ్బు మాట నిజమే. ప్రైవేటులో ఒక డోసుకు సాధారణంగా పదిహేను వందల నుంచి రెండు వేల రూపాయల దాకా అవుతోంది. ఆలుమగలిద్దరికీ అయితే రెట్టింపు. తమిళనాడులో వృద్ధాప్య పింఛనును 2023 ఆగస్టులో వెయ్యి నుంచి 1,200 రూపాయలకు పెంచారు. ఆ నెల పింఛనంతా పెట్టినా ఒక్క సూది రాదు. అయితే లెక్క రెండో వైపు నుంచీ చూడాలి. నిమోనియాతో మదురైలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరిస్తే, ఐసీయూలో ఒక్క రోజుకయ్యే ఖర్చు ఎన్ని ఏళ్ల సూదులకు సరిపోతుందో ఆ బిల్లు కట్టినవారికి తెలుసు.

ప్రభుత్వం ఉచితంగా వేయదా? సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. ఆ కార్యక్రమం పుట్టిందే పిల్లలు, గర్భిణుల కోసం. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో మాత్రం వృద్ధులు, దీర్ఘవ్యాధులున్నవారు ఈ టీకా వేయించుకోవాల్సినవారేనని ఉంది. 'వేయించుకోవాలి' అని చెప్పడం ఒకటి, వేయడం ఒకటి. ఈ రెంటి మధ్యలో పెద్దలు మిగిలిపోయారు.

టీకా దొరక్కనా అంటే అదీ కాదు. స్వైన్ ఫ్లూ వచ్చిన మరుసటి ఏడాదే, 2010లో, అహ్మదాబాదులోని జైడస్, పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని భారత్ బయోటెక్ మూడూ స్వదేశీ టీకాలు తెచ్చాయి. ప్రపంచానికి టీకాలు పంపే దేశం మనది. బ్రెజిల్ మనకంటే ధనిక దేశమని చెప్పుకోవచ్చు గానీ, అక్కడ 1999 నుంచే వృద్ధులకు ఏటా ఉచితంగా వేస్తున్నారు. సావో పాలోలోని బుటాంటాన్ సంస్థలో టీకా తయారు చేసుకుంటున్నారు. బ్రిటన్‌లో 65 దాటినవారికి ఉచితం. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా దీని ఖర్చు భరిస్తుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వచ్చిన తల్లిదండ్రులను అడిగితే మందుల దుకాణంలోనే సూది వేశారని చెబుతారు.

తమిళనాడులో దారి లేకపోలేదు. 2021 ఆగస్టు 5న, తెలుగువారు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలోనే, 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలైంది. బీపీ, షుగరు ఉన్నవారికి ఇంటికే వెళ్లి మాత్రలిచ్చే పథకమిది. ఏ ఇంటిలో ఎవరికి షుగరు, ఎవరు మంచం మీద ఉన్నారన్నది ఆ మహిళా కార్యకర్తలకు తెలిసిన సంగతే. ఫ్లూ టీకా ఎవరికి ముందు కావాలో ఆ పట్టీలోనే ఉంది. కావాల్సింది టీకా, దానికి నిధులు, ప్రభుత్వం నుంచి ఒక మాట. పంచాయతీ ఊళ్లలో ఆగస్టు 15న గ్రామసభ జరుగుతుంది. వానలకు ముందు వచ్చే సభ అది. నీళ్లు, వీధి దీపాలతో పాటు ఈ సంగతీ అడగవచ్చు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!

అపోహలు.. నిజాలు

కోవిడ్ సూదులు వేసుకున్నాం, మళ్లీ ఇదెందుకు?
రెండూ వేరు వేరు వైరసులు. ఒకదాని టీకా ఇంకోదానికి అడ్డుపడదు. అవసరమైతే రెండూ ఒకే రోజు, చెరో చేతికి వేయించుకోవచ్చు.

నేలవేము కషాయం తాగుతున్నాం, చాలదా?
డెంగీ రోజుల్లో నిలవేంబు కుడినీరు, 2020లో కబసుర కుడినీరు ఊరూరా పంచారు. తాగినవారికి హాయిగా ఉంటే ఉండవచ్చు. అది టీకా చేసే పని చేయదు.

షుగరు, బీపీ ఉన్నాయి, వేయించుకోవచ్చా?
అవి ఉన్నవారే ముందు వేయించుకోవాలి. గుండెజబ్బు, ఆయాసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పి, సూది పడిన చోట కాసేపు గట్టిగా అదిమి పట్టుకోవాలి.

సూది వేస్తే జ్వరం వస్తుందట?
చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి వేడి ఉండొచ్చు. అది ఫ్లూ కాదు, టీకా పనిచేస్తోందన్న గుర్తు.

ఎవరు ఆగాలి?
ఇంతకుముందు ఇదే టీకాతో తీవ్రమైన అలర్జీ వచ్చినవారు వేయించుకోకూడదు. టీకా వేసిన ఆరు వారాల్లో కాళ్లు చేతులు చచ్చుబడే గులియన్-బారే జబ్బు వచ్చినవారు డాక్టరును అడగకుండా వేయించుకోకూడదు. ఆ జబ్బు చాలా అరుదు. పది లక్షల డోసులకు ఒకటి రెండు కేసులని అంచనా. ఎక్కువ జ్వరం ఉన్న రోజు వాయిదా వేసుకోవాలి.

వేయించే ముందు ఇవి చూడండి

ఆసుపత్రిలో 'టీకా' అంటే అర్థం కాకపోతే 'ఇన్‌ఫ్లుయెంజా తడుప్పూసి' అని అడగండి. పెట్టె మీద ఏ సంవత్సరానిదో, ఏ అర్ధగోళానిదో రాసి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అయితే ఆ ఏటి దక్షిణార్ధగోళం టీకాయో, కొత్తగా వచ్చిన ఉత్తరార్ధగోళం టీకాయో డాక్టరునే అడగండి. గడువు తేదీ తప్పక చూడండి.

టీకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. గడ్డకట్టినా పాడైపోతుంది. దుకాణంలో కొని సంచిలో వేసుకుని ఎండలో ఊరికి తీసుకురావడం, ఫ్రీజరులో పెట్టడం రెండూ తప్పే. ఫ్రిజ్ ఉన్న క్లినిక్కులోనే వేయించుకోవడం మంచిది. వేశాక ఒక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. నిమోకాకల్ టీకా సంగతి కూడా అదే రోజు అడిగి తెలుసుకోండి. ఫ్లూ వెంట వచ్చే నిమోనియాకు అది ఇంకో అడ్డుకట్ట.

సూది వేసినా.. జ్వరం వస్తే?

కేంద్ర మార్గదర్శకాలు ఫ్లూ రోగులను ఎ, బి, సి అని మూడు తరగతులు చేశాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు ఉంటే 'ఎ'. ఇంటి పట్టున ఉంటే చాలు. 65 దాటినవారు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, షుగరు ఉన్నవారు అదే లక్షణాలతో వచ్చినా 'బి'. వారికి ఒసెల్టామివిర్ మందు మొదలుపెట్టాలి. అది మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. అందుకే పెద్దల విషయంలో 'రెండు రోజులు చూద్దాం' అనే మాట పనికిరాదు. ఆ రెండు రోజులే అసలైన రోజులు. మందు డాక్టరు రాయాల్సిందే, దుకాణంలో చెప్పి కొనేది కాదు.

ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, మగత, కఫంలో రక్తం, గోళ్లు నీలం పడటం కనిపిస్తే 'సి'. ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. విరుదునగరులో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. మదురైలో రాజాజీ ఆసుపత్రి ఉంది.

ఇంటిలో ఎవరికి జ్వరం వచ్చినా తగ్గేదాకా పెద్దల మంచం దగ్గరికి వెళ్లకుండా ఉండటం, తప్పనిసరైతే ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం, గది కిటికీ తెరిచి ఉంచడం.. ఇవి పైసా ఖర్చు లేనివి. సూది వేయించినా, వేయించకపోయినా మానకూడనివి.

మనవైపు పెద్దలు ఇంటిలో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదివేవారు తక్కువ. ఆసుపత్రి గోడ మీది నోటీసు తమిళం, డాక్టరు రాసిచ్చే చీటీ ఇంగ్లీషు. వారికి వారి మాటలో చెప్పేది ఇంటిలోని మనమే. ఈ పేజీ చదివినవారు ఒక్కసారి నడవాలోని మంచం పక్కన కూర్చుని చదివి వినిపించండి. 'నాకెందుకురా' అంటే ఒక్కమాటతో వదిలేయకుండా రెండోసారి అడగండి.